తక్రకౌండిన్య న్యాయము

నారాయణగూడ నుండి నడచివచ్చి, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున, అశోక్‌నగర్ గదులలో నుండి పోటీపరీక్షలకు చదువుకొను యువకుల నడుమ బాలవ్యాకరణము విప్పి కూర్చుంటిని. ప్రక్కనున్న యువకుడు హాస్కెల్ భాషలో ప్రోగ్రాము వ్రాయుచు, ఒకే టైపుకు రెండు ఇన్‌స్టాన్సులు వర్తించుచున్నవని కంపైలర్ మొరాయించుచున్నదనగా, నా ముందున్న సంధి పరిచ్ఛేదమే నోరు విప్పినట్లు తోచినది.

చిన్నయసూరి 1858లో ప్రకటించిన ఆ గ్రంథమున ఉకారమునకు అచ్చు పరమైనచో సంధి తప్పదని సామాన్యవిధి. వాడు, ఎవడు చేరి వాడెవడు అగును. ప్రథమేతర విభక్తులలోని ఉకారమునకు మాత్రము సంధి వైకల్పికమని విశేషవిధి. నన్నడిగె, నన్నునడిగె రెండును సాధువులే. ‘నన్ను’లోని ఉకారము ఉభయవిధులకును లోబడినదైనను, ఉత్సర్గమును, అనగా సామాన్యవిధిని, అపవాదమగు విశేషవిధి బాధించునని యెఱిగిన చదువరి తబ్బిబ్బుపడడు.

ఈ మర్యాద మిక్కిలి ప్రాచీనము. బ్రాహ్మణులకెల్ల పెరుగు వడ్డింపుము, కౌండిన్యునకు మజ్జిగ యిమ్మన్నచో, కౌండిన్యుడును బ్రాహ్మణుడే గదా యని అతనికి పెరుగు పోయరు. పతంజలి మహాభాష్యములోని యీ దృష్టాంతమే తక్రకౌండిన్య న్యాయముగా నిలిచినది.

ఇక ఆ యువకుని ఇన్‌స్టాన్సులకు మూలమగు టైప్ క్లాసులను ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో ప్రతిపాదించిరి. హాస్కెల్ 98 నిర్వచనము మాత్రము ఒకే టైపుకు రెండు ఇన్‌స్టాన్సులు వర్తించునట్టి అతివ్యాప్తిని ఒప్పుకొనలేదు. అక్షరముల జాబితాయే వాక్యమగు ఆ భాషలో, జాబితాలన్నిటికి ఒక ప్రదర్శనరీతియు వాక్యమునకు వేఱొకటియు కావలసివచ్చినప్పుడు, మీ పంక్తికి ఏమి వడ్డింపవలెనో మీరే చెప్పుడని మూలకమునే అడుగునట్లు, ‘షో’ క్లాసులో ‘షోలిస్ట్’ అను మెథడ్‌ను చేర్చిరి. ఎంత సొగసైన ఉపాయము! హాస్కెల్ కంపైలరగు జీహెచ్‌సీ పిదప అతివ్యాప్తికి అనుమతి నిచ్చి, 2015లో వెలువడిన 7.10 నుండి ఏ ఇన్‌స్టాన్సు బాధకము, ఏది బాధ్యము అని దాని తలపైననే గుర్తు వ్రాయు పద్ధతిని తెచ్చినది. ముసుగుతో వచ్చిన అతిథి కౌండిన్యుడు కావచ్చునను శంక యున్నంతవరకు ఆ కంపైలర్ పెరుగు గరిటె ఎత్తదు.

పాణిని తుల్యబలములగు సూత్రములు తాకినప్పుడు తరువాతిదే ప్రబలమనెను. అష్టాధ్యాయి ఏకగ్రంథము, దాని సూత్రములకు స్థిరమైన వరుస కలదు. కావున ఆ మాట చెల్లినది. వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు వ్యక్తులు వ్రాసి జతపఱచు మాడ్యూళ్ళలో ముందేది, వెనుకేది? అందుచేత జీహెచ్‌సీ వరుసను విడిచి, విశేషత్వమొక్కటే ప్రమాణముగా గైకొన్నది. కాని ఎక్కడో దూరపు మాడ్యూలులో ఒక కౌండిన్యుడు తరువాత వెలసినచో, ఇక్కడ పెరుగు, అక్కడ మజ్జిగ యగును. ఇదియే నన్ను కలవరపఱచు చిక్కు.

ఇదంతయు ఆ యువకునికి చెప్పితిని. శ్రద్ధగా విని, తాను పెట్టబోయిన బాధక చిహ్నమును చెరిపివేసి, ఆ టైపును ‘న్యూటైప్’తో చుట్టి క్రొత్త పేరు పెట్టినాడు. కౌండిన్యునకు వేఱొక పంక్తి వేసినాడు.