1234 ఎవరి నంబరు?

లినక్సు వర్చువల్ మెషీన్ ఏదైనా ఉంటే అందులో ఎల్ఎస్‌పీసీఐ అని కొట్టి చూడండి. క్యూఎము మీద నడిచేదైతే చాలా డివైజుల పక్కన రెడ్ హ్యాట్ అని కనిపిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీ నెట్‌వర్క్ కార్డులు ఎప్పుడు చేసిందబ్బా? చేయలేదు. అసలు ఆ కార్డే లేదు. లేని కార్డుకి నంబరెలా వచ్చిందన్నదే ఈ టపా.

ప్రతి పీసీఐ కార్డుకీ రెండు నంబర్లు ఉంటాయి: తయారీదారుది ఒకటి, వస్తువుది ఒకటి. తయారీదారు నంబర్లు ఇచ్చేది 1992లో పుట్టిన పీసీఐ-సిగ్ అనే సంఘం. ఊరికే ఇవ్వరు, సభ్యత్వానికి ఏటా వేల డాలర్లు కట్టాలి. ఇంటెల్ వాడు 8086 తీసుకున్నాడు (గడుసువాడే!). ఏ డ్రైవర్ వెయ్యాలో ఆపరేటింగ్ సిస్టం ఈ నంబర్లు చూసే తేల్చుకుంటుంది. అంటే ఒకే నంబరు ఇద్దరు వాడితే ఒకరి డ్రైవర్ వెళ్ళి ఇంకొకరి కార్డు మీద కూర్చుంటుందన్నమాట.

ఫాబ్రిస్ బెల్లార్ 2003లో మొదలుపెట్టిన క్యూఎముది మొదట్లో వేషాల దారి. రియల్‌టెక్ 8139లాగానో, సిరస్ లాజిక్ వీజీఏలాగానో నటిస్తే చాలు, విండోస్ తన డ్రైవర్ తనే వేసుకుంటుంది. కాకపోతే అసలు కార్డు చేసే ప్రతి పనీ అనుకరించాలి, అందుకే నెమ్మది. మరి ఎవరి వేషమూ కాని సొంత డివైజు సంగతో? బాక్స్ నుంచి వచ్చిన వీజీఏకి 1234:1111 అని పెట్టేసుకున్నారు. మా ఐరాల వైపు భాషలో చెప్పాలంటే పోరంబోకులో పాక వేసుకోవడమే.

పట్టా దొరికింది కుమ్రానెట్ దయవల్ల. కేవీఎం రాసిన ఇజ్రాయెల్ కంపెనీ ఇది. వర్ట్‌ఐఓ డివైజులు వచ్చినప్పుడు తన 1ఏఎఫ్4 నంబరు కింద 1000 నుంచి 10ఎఫ్ఎఫ్ దాకా, అంటే 256 నంబర్లు, దానంగా ఇచ్చేసింది. 1000 నెట్‌వర్క్, 1001 డిస్కు... అలా. 2008 సెప్టెంబరులో రెడ్ హ్యాట్ ఆ కంపెనీని కొనేసింది. ఆ దానం మాత్రం చెల్లుతూనే ఉంది. రెడ్ హ్యాట్ తన 1బి36 నుంచీ కొంత భాగం క్యూఎముకి ఇచ్చింది. కొత్త డివైజు రాసేవాళ్ళు నంబరుకి ఎవరిని అడగాలో క్యూఎము పత్రాల్లోనే ఉంటుంది. నా లెక్కలో కోడ్ ఇవ్వడం కన్నా ఇది తక్కువ దానమేం కాదు.

అయినా అందరూ అడిగి తీసుకోలేదు. 2013లో చేరిన ఎన్‌వీఎంఈ డిస్కు 8086:5845 వాడింది. ఆ కోడ్ ఇంటెల్‌దే, కానీ 5845 అని ఎవరూ కేటాయించలేదు. 2020లో 5.2 వెర్షన్‌లో దాన్ని 1బి36:0010 చేశారు. చెరిపెయ్యడం కుదిరిందా? లేదు! పాత మెషీన్లలో నంబరు మారితే లోపలున్న ఆపరేటింగ్ సిస్టం దాన్ని కొత్త డిస్కు అనుకుంటుంది. అందుకని 5.1, అంతకుముందు మెషీన్ రకాలకి పాతదే ఉంచారు.

ఇక ఆ 1234:1111 పాక? ఇప్పటికీ కదల్లేదు. లినక్సులో బాక్స్ డ్రైవర్ ఆ నంబరు చూసే పట్టుకుంటుంది మరి.