పుదుచ్చేరి ‘గోల్కొండ’ నుండి కార్యాలయపు కుర్చీ వరకు

తెలుగు వాడుకలో ‘కుర్చీ’ అనే మాటకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి కూర్చునే ఆసనం, రెండవది అధికారం. ఫలానా వారికి కుర్చీ దక్కిందనో, ఫలానా వారు కుర్చీ దిగారనో అన్నప్పుడు కొయ్య సామాను ఎవరికీ స్ఫురించదు. అరబీ నుండి హిందుస్థానీ మీదుగా తెలుగులోకి వచ్చిన ఈ మాట, పీట, చాప, మంచం వంటి పాత మాటల సరసన తరువాతి కాలంలో చేరింది. కచేరీలతో, బడులతో, రైల్వే స్టేషన్లతో పాటు కుర్చీ సామాన్య జీవితంలోకి ప్రవేశించింది. చేతుల కుర్చీ అధికారికి, చేతులు లేనిది గుమస్తాకు, బల్ల అర్జీదారుకు అన్న అంతరం కూడా దానితోనే వచ్చింది. పడక కుర్చీ విశ్రాంతికి గుర్తయితే, చేతుల కుర్చీ హోదాకు గుర్తయింది.

అయితే కుర్చీకి చేతులు హోదా కోసం పుట్టినవి కావు. గంటల తరబడి రాసే మనిషి మోచేతులకు ఆధారం లేకపోతే భుజాల బరువంతా మెడపై, వీపుపై పడుతుంది. చేతులు మరీ ఎత్తయితే భుజాలు పైకి లేస్తాయి. మరీ కిందికి ఉంటే శరీరం ఒక పక్కకు ఒరుగుతుంది. ముందుకు పొడవుగా సాగితే బల్ల అంచుకు తగిలి కుర్చీని దగ్గరకు జరుపుకోనివ్వవు. ఇవన్నీ సరిచూసుకొని, సామాన్యమైన వడ్రంగం కొట్టులో వేలకొద్దీ తయారు చేయగల కుర్చీని రూపొందించడం చూడటానికి చిన్న పని, నిజానికి కఠినమైన పరీక్ష. ఈ పరీక్షకు భారతదేశంలో ఆధునిక దృష్టితో సమాధానం వెదికిన వారి చరిత్రలో పుదుచ్చేరి పట్టణానికి ముఖ్యమైన స్థానం ఉంది. ఆ చరిత్రకు తెలుగు నేలతో సంబంధం ఉండటం మరొక విశేషం.

ఫ్రెంచి పాలనలోని నాటి పాండిచ్చేరిలో, శ్రీ అరవింద ఆశ్రమవాసుల నివాసం కోసం 1937లో ఒక భవన నిర్మాణం ప్రారంభమయింది. దానికి నిజాం ప్రభుత్వం నుండి లక్ష రూపాయల విరాళం లభించింది. ఆ విరాళాన్ని సమకూర్చినవారు హైదరాబాదు సంస్థాన దివాను సర్ అక్బర్ హైదరీ. ఆ కృతజ్ఞతతోనే భవనానికి ‘గోల్కొండ’ అని పేరు పెట్టారు. వజ్రాలకు ప్రసిద్ధి చెందిన తెలుగు కోట పేరు ఆ విధంగా ఫ్రెంచి వలసలోని ఒక కాంక్రీటు కట్టడానికి దక్కింది. ఆ భవనంలో పరచిన నునుపైన నల్లరాయి కూడా కడప రాయే.

రూపకల్పన చేసినవారు టోక్యోలో కార్యాలయం నడుపుతున్న చెక్ వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్. నిర్మాణ స్థలంలో పని చూసినవారు ఆయన సహచరులు జార్జ్ నకషిమా, ఫ్రాన్‌తిషెక్ సామర్. సముద్రతీరపు ఉక్కపోతను ఎదుర్కోవటానికి భవనం పొడవైన ముఖాలను ఉత్తర దక్షిణాలకు తిప్పి, గోడలకు బదులు అడ్డంగా పేర్చిన, తిప్పుకోగల పలకలను అమర్చారు. గదులకు జారే టేకు తలుపులు పెట్టి, వాటిని సందులున్న చెక్కలతో చేశారు. తలుపు మూసినా గాలి ఆడుతుంది, ఏకాంతానికీ భంగం కలగదు. తలుపులకు, పలకలకు కావలసిన ఇత్తడి సామాను ఆశ్రమపు కర్మశాలలోనే పోత పోశారు. ఇందుకు ఆశ్రమంలోని పాత ఇత్తడి పాత్రలను కరిగించి వాడారు.

1905లో అమెరికాలో జపాను దంపతులకు జన్మించిన నకషిమాకు ఈ పని జీవితాన్నే మార్చివేసింది. ఆయన జీతం విడిచి ఆశ్రమవాసి అయ్యారు. ‘సుందరానంద’ అనే పేరు పొందారు. గోల్కొండ గదులకు కావలసిన టేకు సామాను రూపకల్పన కూడా ఆయన చేతుల మీదుగా జరిగింది. మంచం, బల్ల, బీరువా, కుర్చీ ఏదైనా భవనంతో పాటే ఆలోచించవలసిన వస్తువు అన్నది ఆ పని వెనుక ఉన్న సూత్రం. చిన్న గదిలో అనవసరమైన వస్తువుకు చోటు లేదు. వస్తువులో అనవసరమైన చెక్కకూ చోటు లేదు. 1939లో ఆయన పుదుచ్చేరి విడిచి వెళ్ళారు. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం జపాను సంతతివారిని నిర్బంధించినప్పుడు ఐడహో రాష్ట్రంలోని శిబిరంలో ఉంటూ, అక్కడి ఒక జపాను వడ్రంగి వద్ద సంప్రదాయ పనితనాన్ని నేర్చుకున్నారు. విడుదలయిన తరువాత పెన్సిల్వేనియాలో స్థిరపడి, ఆ శతాబ్దపు ప్రసిద్ధ దారుశిల్పులలో ఒకరయ్యారు. 1964లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి, ఇక్కడే తయారు చేయదగిన సామానుకు నమూనాలు రూపొందించారు.

సామర్ పుదుచ్చేరికి రాకముందు పారిస్‌లో లె కార్బూజియె, పియెర్ జాన్నరెల కార్యాలయంలో పనిచేశారు. ఆ జాన్నరెయే 1951లో చండీగఢ్ నిర్మాణానికి భారతదేశం వచ్చి, 1965 వరకు ఇక్కడ ఉండిపోయారు. కొత్త రాజధానిలోని సచివాలయానికి, న్యాయస్థానానికి, విశ్వవిద్యాలయానికి వేలకొద్దీ కుర్చీలు కావలసి వచ్చాయి. దిగుమతికి డబ్బు లేదు, భారీ కర్మాగారాలు లేవు. ఉన్నవి టేకు, పేము, వడ్రంగుల నేర్పు. యూలీ చౌధరి మొదలైన భారతీయ వాస్తుశిల్పుల సహకారంతో జాన్నరె రూపొందించిన చేతుల కుర్చీ ఈ పరిమితులనే బలంగా మార్చుకుంది.

దాని నిర్మాణం సులభం. కంపాసు కాళ్ళ వలె పైన కలిసి కింద ఎడమయ్యే రెండు కోళ్ళు ఒక్కొక్క పక్కను నిలబెడతాయి. వాటి తలపై కుర్చీ చేయి ఆనుతుంది. అంటే చేయి తరువాత తగిలించిన అలంకారం కాదు, కుర్చీని నిలిపే చట్రంలో అది ఒక భాగం. ఈ రెండు పక్కల నడుమ పేముతో అల్లిన ఆసనం, వీపు ఆనే భాగం అమరుతాయి. ఒకే కోళ్ళ ఆకారం అనేక రకాల కుర్చీలకు పనికివచ్చింది. అల్లిక సందుల గుండా గాలి ఆడటం వల్ల వేసవిలో వీపు తడవదు. అల్లిక తెగితే కుర్చీని పారవేయనక్కరలేదు, మళ్ళీ అల్లితే చాలు. దేశంలో చూపులేనివారికి శిక్షణ ఇచ్చిన వృత్తులలో కుర్చీల అల్లిక ఒకటి. ప్రభుత్వ కార్యాలయాలు వారికి ఆ పని కల్పించాయి. ఆ విధంగా ఒక కుర్చీ అనేకుల జీవనోపాధితో ముడిపడింది.

కాలక్రమంలో నురుగు దిండ్లు, ఇనుప గొట్టాలు, ప్లాస్టిక్, చక్రాల కుర్చీలు కార్యాలయాలను ఆక్రమించాయి. కొత్త కుర్చీలలో ఎత్తు మార్చుకునే సౌకర్యం ఉన్న మాట నిజం. మనుషుల కొలతలు ఒకే తీరుగా ఉండవు కనుక అది నిజమైన మేలే. భారతీయుల శరీర కొలతలను డిజైన్ అవసరాల కోసం క్రోడీకరించిన గ్రంథాన్ని జాతీయ డిజైన్ సంస్థ 1997లో ప్రచురించింది. అంతకుముందు మన కుర్చీలు చాలావరకు పరదేశపు కొలతలకే తయారయ్యేవి. కాని దిండు చిరిగినా, చక్రం విరిగినా వీధి చివరి పనివాడు బాగుచేయలేని కుర్చీ కొన్ని ఏళ్ళలో చెత్త అవుతుంది. బాగుచేయగల పాత కుర్చీలు మాత్రం అంతకుముందే చెత్తగా మారాయి. చండీగఢ్ కార్యాలయాలు వాటిని మిద్దెలపై కుప్పవేసి, తుక్కు ధరకు వేలం వేశాయి. అవే విదేశీ వేలంశాలలలో భారీ ధర పలికిన తరువాత గాని వాటి విలువ ఇక్కడ గుర్తుకు రాలేదు. 2011లో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ వారసత్వ సామాను అమ్మకాన్ని, ఎగుమతిని నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేసింది.

గోల్కొండ మాత్రం ఈ నష్టానికి దూరంగా నిలిచింది. కారణం ఉత్తర్వులు కావు. ఆ భవనంలో ప్రతి వస్తువును జాగ్రత్తగా వాడటం, క్రమంగా శుభ్రపరచటం నివాసులకు నిత్యకృత్యం. కార్యాలయాల కొనుగోలు పట్టికలలో కుర్చీ ఒక వరుస సంఖ్య మాత్రమే. దాని ధర నమోదవుతుంది, దాని ఆయుష్షు నమోదు కాదు. అందులో కూర్చునే గుమస్తా నడుము, దానిని అల్లే మనిషి కూలి, చెడినప్పుడు బాగుచేసే వీలు కూడా లెక్కలోకి వచ్చిననాడు, టేకు, పేము, చేతి నేర్పు కలిసిన ఆ పాత సమాధానం గిడ్డంగి నుండి మళ్ళీ బల్ల దగ్గరకు చేరగలదు.