కలమ్‌తరాష్ నుంచి రాంపురీ దాకా: జేబులో చిన్న చాకు కథ

తెలుగులో రోజూ వాడే రెండు మాటలు చూడండి. ఒకటి కలం, రెండోది చాకు. మొదటిది అరబీ ‘ఖలమ్’. రెండోది ఫార్సీ, ఉర్దూల దారిలో వచ్చిన ‘చాఖూ’. రెండూ తెలుగులో ఎంతగా కలిసిపోయాయంటే, ఇవి బయటినుంచి వచ్చిన మాటలని ఎవరికీ తోచదు. మాటల్లోనే కాదు, పనిలో కూడా ఈ రెంటిదీ పాత రిష్తా. చాకు లేకపోతే కలం లేదు. ఈ సంగతి మరిచిపోయాం కాబట్టే ఇవాళ కొడుకు జేబులో చిన్న చాకు కనబడితే అమ్మీ గుండె గుభేల్‌మంటుంది. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? అసలు చిన్న చాకు తవారీఖ్ ఏమిటి? ఒకటి కొనుక్కోవాలంటే ఎలాంటిది కొనాలి? ఈ మూడూ ఒకే కథలో ఉన్నాయి.

పాత జమానాలో ఖుష్‌నవీస్ కావాలనుకున్న షాగిర్ద్ అక్షరం కంటే ముందు కలం చెక్కడం నేర్చుకోవాలి. కలమంటే ఎండిన రెల్లు పుల్ల. దాని కొనను చాకుతో ఏటవాలుగా చెక్కాలి. సిరా దిగడానికి మధ్యలో సన్నటి చీలిక పెట్టాలి. ఆఖరున ఆ కొనను ఎముకతోనో ఏనుగు దంతంతోనో చేసిన చిన్న పలక మీద ఆనించి, చాకుతో ఒక్క నొక్కు నొక్కి పాళీ కోయాలి. ఆ కోతకు ‘ఖత్’ అని పేరు. ఆ పలక ‘ఖత్‌జన్’. తుర్కీలో దాన్నే ‘మక్తా’ అన్నారు. ఇక ఈ పని చేసే చాకు పేరు ‘కలమ్‌తరాష్’, అంటే కలాన్ని చెక్కేది.

ఆ ఒక్క కోత ఎంత ముఖ్యమో తెలియాలంటే ఇబ్న్ ముఖ్లాను గుర్తు చేసుకోవాలి. ఆయన బగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాల దగ్గర మూడుసార్లు వజీర్‌గా పనిచేశాడు. దర్బారు రాజకీయాల్లో కుడి చెయ్యి నరికించుకుని 940లో ఖైదులోనే పోయాడు. అరబీ లిపికి కొలతలు పెట్టినవాడిగా ఆయన పేరు నిలిచింది. ఆ పద్ధతిలో కలం కొనతో ఒక చుక్క పెడితే, అదే కొలమానం. అలిఫ్ ఎత్తు ఇన్ని చుక్కలు, మిగతా హర్ఫ్‌లు దాన్నిబట్టి. చుక్క పరిమాణం పాళీ వెడల్పును బట్టి వస్తుంది. పాళీ వెడల్పును తేల్చేది చాకు. కోత వంకరపోతే ఆ కలంతో రాసిన అక్షరాలన్నీ కొలత తప్పినట్టే.

అందుకే కలమ్‌తరాష్ పొట్టిగా, సన్నగా, బాగా పదునుగా ఉండేది. బ్లేడు చిన్నది, పిడి పొడవు. అన్నీ మడత చాకులు కావు. చాలావాటికి మడత లేదు, కలమ్‌దాన్‌లో కలాల పక్కనే పడుకునేవి. ఉస్మానీ తుర్కుల కాలంలో ఈ చాకులు చేసే ఉస్తాద్‌లు బ్లేడు మీద తమ పేరు ముద్ర వేసుకునేవారు. రాసేవాడికి ఎంత ఇజ్జతో, చాకు చేసేవాడికీ అంత ఇజ్జత్ ఉండేది.

యూరప్‌లో రెల్లు బదులు పక్షి ఈకతో రాసేవారు. ఈక కొన త్వరగా అరిగిపోతుంది, మాటిమాటికీ చెక్కాలి. అందుకని రాసేవాడి దగ్గర ఎప్పుడూ చిన్న చాకు ఉండాల్సిందే. జేబులో పెట్టుకుంటే తొడకు గుచ్చుకోకుండా బ్లేడు పిడిలోకి మడిచారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊరు ఇలాంటి చాకులకు మషూర్. అక్కడి చాకుల కారీగర్ల సంఘం 1624లోనే ఏర్పడింది. పంతొమ్మిదో శతాబ్దంలో బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో ఉక్కు పాళీలు లక్షల్లో తయారయ్యాక ఈక చెక్కే అవసరం పోయింది. అయినా ఇంగ్లీషులో చిన్న మడత చాకును ఇవాళ్టికీ ‘పెన్‌నైఫ్’ అనే అంటారు. మన దక్షిణాదిలో, శ్రీలంకలో కూడా తాటాకు కోసే చాకునూ రాసే గంటాన్నీ ఒకే పిడిలో అమర్చిన పనిముట్లు ఉండేవి. ఎక్కడ చూసినా చిన్న చాకు చదువుకున్నవాడి సామానే.

కలం చెక్కే పని పోయాక ఈ చాకు పేదవాడి జేబులోకి వెళ్లింది. ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో రైతుల కోసం ఒక మడత చాకు చేశాడు. కర్ర పిడి, ఉక్కు బ్లేడు, ఒక మేకు, అంతే. 1897కల్లా 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. తెరిచిన బ్లేడు వేళ్లమీద మూసుకోకుండా తిప్పి బిగించే రింగు 1955లో చేరింది. అదే చాకు ఇప్పటికీ మామూలు మనిషి కొనగలిగే ధరలో అమ్ముడవుతోంది.

జపాన్‌లో మికి అనే ఊళ్లో 1890ల్లో ‘హిగోనోకామి’ పుట్టింది. రేకు మడిచి చేసిన పిడి. స్ప్రింగు లేదు, తాళం లేదు, బొటనవేలితో నొక్కి పట్టుకోవడానికి చిన్న తోక మాత్రం ఉంటుంది. తరతరాల బడిపిల్లలు దాంతోనే పెన్సిళ్లు చెక్కుకున్నారు, వెదురు బొమ్మలు చేసుకున్నారు. 1960 అక్టోబరు 12న టోక్యోలో సోషలిస్టు నాయకుడు అసనుమాను 17 ఏళ్ల కుర్రాడు వేదిక మీదే పొడిచి చంపాడు. వాడు వాడింది పొట్టి ఖడ్గం, పెన్సిలు చాకు కాదు. అయినా పిల్లల చేతిలో పదునైనదేదీ ఉండకూడదని దేశమంతా ఉద్యమం లేచింది. పెన్సిలు చెక్కే యంత్రాలు కూడా వచ్చాయి. మికిలో కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు ఆ పేరుతో చాకు చేసే హక్కున్న ఇల్లు ఒక్కటే మిగిలింది.

ఇక మన రాంపూర్ సంగతి. 1774లో నవాబ్ ఫైజుల్లా ఖాన్ నిలబెట్టిన రియాసత్ అది. అక్కడి రజా లైబ్రరీ చేతిరాత కితాబుల ఖజానా. మీర్జా గాలిబ్‌కు 1859 నుంచి నెలకు వంద రూపాయల వజీఫా పంపింది రాంపూర్ నవాబ్ యూసుఫ్ అలీ ఖానే. అంత కలం ఇజ్జత్ ఉన్న ఊరి పేరు చెబితే ఇవాళ దేశానికి గుర్తొచ్చేది మాత్రం రాంపురీ చాకు. ఇత్తడి పిడి, తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల బ్లేడు. తెరుస్తుంటే గరారీ పళ్లు కరకరమంటాయి. హిందీ సినిమాలు ఆ చప్పుడును విలన్ గుర్తుగా మార్చేశాయి. కారీగర్ల హునర్ గురించి ఎవరూ అడగలేదు. ఊరు బద్‌నామ్ అయ్యింది, ఆ పని చేసే ముసల్మాన్ ఖాందాన్‌లు కూడా అయ్యాయి. 1990ల్లో ఉత్తరప్రదేశ్ సర్కార్ నాలుగున్నర అంగుళాలు దాటిన బ్లేడును నిషేధించింది. దుకాణాలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. 2023లో అదే ఊరి కూడలిలో సుమారు 20 అడుగుల ఇత్తడి, ఉక్కు చాకును స్మారకంగా నిలబెట్టారు. రోజీ పోయిన కారీగర్‌కు ఆ స్మారకం వల్ల ఒరిగిందేమిటో మీరే చెప్పండి.

ఇన్సాఫ్‌గా ఒక మాట కూడా చెప్పుకోవాలి. పన్నెండు అంగుళాల బ్లేడు పెన్సిలు చెక్కడానికి కాదు. రాంపురీ అందం పొడవులో ఉంది, దాని ముసీబత్ కూడా అక్కడే ఉంది. చిన్న చాకును ఆ లెక్కలో కలపడమే తప్పు.

కానూన్ కూడా ఈ తేడా చూస్తుంది. 1857 తర్వాత అంగ్రేజులు 1878లో హథియార్ల చట్టం తెచ్చి హిందుస్తానీలకు లైసెన్సు పెట్టారు, యూరోపియన్లను మినహాయించారు. ఆజాదీ తర్వాత 1959 చట్టం వచ్చింది. దాని కింద తొమ్మిది అంగుళాల పొడవు గానీ రెండంగుళాల వెడల్పు గానీ దాటిన బ్లేడు హథియార్. ఇంటిపనికి, సేద్యానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఇంకా గట్టిది. బటన్‌దార్, గరారీదార్ చాకులకు అక్కడ 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పే హద్దు.

ఈ తవారీఖ్ చేతిలో ఉంటే కొనుగోలు ఆసాన్. బ్లేడు ఆరేడు సెంటీమీటర్లు చాలు. మామిడికాయ, పార్సిల్ తాడు, పెన్సిలు, అన్నిటికీ అది సరిపోతుంది. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేది వద్దు. గోటితో లాగే గాడి ఉన్నది తీసుకోండి. తెరిచాక బ్లేడును పక్కకు కదిపి చూడండి, మేకు దగ్గర ఆడితే అక్కడే వదిలేయండి. మూసినప్పుడు బ్లేడు పిడి మధ్యలో కూర్చోవాలి. మామూలు కార్బన్ ఉక్కు సానరాయి మీద తొందరగా పదునెక్కుతుంది. కాకపోతే నిమ్మకాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది, తుప్పు పడుతుంది. తుడిచే ఓపిక లేనివాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి. ధర ఎక్కువైతే పదును ఎక్కువని అనుకోవద్దు. ఒపినెల్, హిగోనోకామి పేరు తెచ్చుకున్నది చవకగా ఉండే.

విమానం క్యాబిన్ బ్యాగులో చాకు పెట్టకండి. కచేరీకి, పరీక్షకు, జులూస్‌కు, జల్సాకు వెళ్లేటప్పుడు ఇంట్లోనే ఉంచండి. మన నౌజవాన్ల జేబులో దొరికిన చాకును పెన్సిలు చాకుగా చూసే కళ్లు తక్కువ. ఆ హకీకత్ చేదుగా ఉన్నా పిల్లలకు చెప్పి తీరాలి. దానితోపాటే కలమ్‌తరాష్ కథ కూడా చెప్పండి. భయం ఒక్కటే నేర్పితే వాళ్లు తమ విరాసత్‌ను సినిమా విలన్ దగ్గర నేర్చుకుంటారు.

మీ ఇళ్లల్లో దాదా, పర్‌దాదాల నాటి కలమ్‌దాన్ ఏదైనా ఉంటే ఒకసారి తెరిచి చూడండి. అందులో అరిగిపోయిన చిన్న బ్లేడు కనిపిస్తే పాత ఇనుము కింద తూకానికి వెయ్యకండి. కాస్త నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచండి. దాంతో ఏం చేసేవారో పిల్లలకు ఒక రెల్లు పుల్ల చెక్కి చూపించండి.