చట్టసభల ముందు నిఘా విభాగాలు

బోధన్ ప్రాంత విద్యార్థులకు సభాసంఘం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. నిజాం షుగర్ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు సంస్థ చేతికి పోయినప్పుడు చెరకు రైతులు, కార్మికులు వేసిన ప్రశ్నలు ఇంట్లో పెద్దవాళ్ళకు ఇంకా గుర్తే. 2004లో ప్రభుత్వం మారాక శాసనసభ దానిమీద సభాసంఘం వేసింది. ఫ్యాక్టరీని ప్రభుత్వమే వెనక్కి తీసుకోవాలని ఆ సంఘం సిఫారసు చేసింది. సిఫారసు అమలు కాలేదు, 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. అయినా ప్రజాప్రతినిధులు ఒక అమ్మకం లెక్క అడిగారన్నది రికార్డులో ఉంది.

అదే శాసనసభ తన పోలీసు నిఘా విభాగాన్ని ఇలా లెక్క అడగగలదా? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఇది.

మన జిల్లాకు ఇది దూరపు సంగతి కాదు. 1980, 90 దశకాల్లో నక్సలైటు ఉద్యమం బలంగా ఉన్న సిరికొండ, భీమ్‌గల్ వైపు ఊళ్ళలో ‘ఇన్ఫార్మర్’ అన్న ముద్ర పడితే ప్రాణం మీదికి వచ్చేది. సమాచారం ఇవ్వనంటే పోలీసులతో తిప్పలు. ఆ వైపు నుంచి వచ్చిన నా విద్యార్థులు ఈ మాట ఎత్తితేనే గొంతు తగ్గించేవారు. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడం కోసం పనిచేసే విభాగమే స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, అంటే ఎస్‌ఐబీ. ఆ విభాగపు పరికరాలతో రాజకీయ నాయకుల, ఇతరుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. దానిపై 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌లో కేసు నమోదైంది. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. చరిత్ర విద్యార్థి గమనించవలసింది వేరే ఉంది: ఆరోపణ వచ్చింది పోలీసుల మీద, దర్యాప్తు చేసిందీ పోలీసులే.

ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ నేరుగా రంగంలోకి దిగింది. గత ప్రభుత్వం పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ కొన్నదన్న ఆరోపణపై 2022 మార్చిలో భూమన కరుణాకర్ రెడ్డి అధ్యక్షతన సభాసంఘం ఏర్పడింది. ఆరోపణను నాటి నిఘా విభాగం మాజీ అధిపతి బహిరంగంగానే ఖండించారు. సెప్టెంబరులో సభకు వచ్చిన మధ్యంతర నివేదికలో మాత్రం ప్రధానంగా కనిపించింది ప్రభుత్వ డేటా సెంటర్ నుంచి పౌరుల సమాచారం తరలిపోయిందన్న సంగతి. పెగాసస్ పక్కకు జరిగింది. అధ్యక్షుడు పాలకపక్షం వారు, విచారణ ప్రత్యర్థి పక్షం పాలన మీద. బోధన్ ఫ్యాక్టరీ విషయంలోనూ ప్రభుత్వం మారాకే సంఘం వేశారని గుర్తు చేసుకోండి. మన సభలు దిగిపోయిన ప్రభుత్వాన్నే అడుగుతాయి. నిఘా మాత్రం ఉన్న ప్రభుత్వం చేతిలో ఉంటుంది.

ఇందుకు మూలం చట్టం లేకపోవడంలో ఉంది. ఇంటెలిజెన్స్ బ్యూరో మూలాలు 1887 నాటి వలస పాలనలో ఉన్నాయి. విదేశీ గూఢచర్యం చూసే ‘రా’ 1968లో కార్యనిర్వాహక ఉత్తర్వుతో పుట్టింది. రెండింటికీ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. సమాచార హక్కు చట్టంలోని 24వ సెక్షన్, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలను మినహాయించి, వీటికి రక్షణ ఇచ్చింది. ఇక ఫోన్ ట్యాపింగ్. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు నియంత్రణలు విధించాక, 2007లో టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419ఎ చేరింది. 2024 దాకా అమలులో ఉన్న ఆ నిబంధన ప్రకారం రాష్ట్రంలో ట్యాపింగ్‌కు ఉత్తర్వు ఇచ్చేది హోం కార్యదర్శి. ఆ ఉత్తర్వును సమీక్షించేది ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, మరో కార్యదర్శి. ముగ్గురూ అధికారులే. ఒక్క శాసనసభ్యుడు గాని, న్యాయమూర్తి గాని లేరు.

సభ చేతిలో అసలు ఆయుధం లేదా అంటే ఉంది, డబ్బు. కార్యాలయాలు, పరికరాలు, జీతాలు అన్నీ సభ ఆమోదించిన పద్దుల్లోంచే రావాలి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా అలాంటి ఖర్చే. కాని మన దగ్గర చాలా పద్దులు గిలెటిన్ కింద చర్చ లేకుండానే గట్టెక్కుతాయి.

ఈ బలహీనత మన ఒక్కరిదే అనుకోకూడదు. అమెరికాలో సీఐఏ అధిపతి ఆలెన్ డల్లెస్ వాషింగ్టన్ నగరంలో చెల్లాచెదురుగా ఉన్న తన కార్యాలయాలను ఒకచోటికి చేర్చాలనుకున్నాడు. భవనం కోసం కాంగ్రెస్ గడప తొక్కక తప్పలేదు. 1955లో కాంగ్రెస్ 4 కోట్ల 60 లక్షల డాలర్లకు అనుమతి ఇచ్చింది. అదే రోజుల్లో సెనేటర్ మైక్ మాన్స్‌ఫీల్డ్ ఆ సంస్థపై ఉభయసభల సంయుక్త పర్యవేక్షణ సంఘం కావాలని తీర్మానం తెచ్చాడు. 1956 ఏప్రిల్‌లో 59–27 ఓట్లతో అది ఓడిపోయింది. మొదట సంతకం పెట్టినవారిలో కొందరు కూడా ఎదురు ఓటు వేశారు. తెలుసుకోవలసిన విషయాలు కొన్ని తనకు తెలియకపోవడమే మేలని సెనేటర్ సాల్టన్‌స్టాల్ చర్చలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. లాంగ్లీలో భవనానికి 1959 నవంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చేతుల మీదుగా పునాదిరాయి పడింది. పర్యవేక్షణకు సెనేట్‌లో శాశ్వత సంఘం ఏర్పడింది మాత్రం 1976లో. స్వదేశంలో పౌరులపై చేసిన నిఘా, విదేశీ నాయకుల హత్యకు పన్నిన కుట్రలు చర్చ్ సంఘం విచారణలో బయటపడ్డాక గాని అది సాధ్యం కాలేదు.

మన లోక్‌సభలో 2011లో కాంగ్రెస్ సభ్యుడు మనీష్ తివారీ నిఘా సంస్థలకు చట్టబద్ధత, పార్లమెంటరీ పర్యవేక్షణ కోరుతూ ప్రైవేటు సభ్యుని బిల్లు ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాది ఆయన కేంద్రమంత్రి అయ్యారు. మంత్రికి ప్రైవేటు సభ్యుని బిల్లు నడిపే వీలుండదు కాబట్టి అది అంతటితో ఆగిపోయింది.