చెరకులో రెల్లు పాలు

శరత్కాలమున గోదావరి లంకలలో తెల్లగా విరగబూచే రెల్లును చూడనివారు అరుదు. గుడిసె కప్పుటకు తప్ప మరి దేనికీ కొరగాదని దానిని చిన్నచూపు చూస్తాము. చేలో మొలిస్తే అది కలుపు. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రము దానికి సాకరం స్పాంటేనియం అని పేరిడి, చెరకు ప్రజాతిలోనే చేర్చారు.

లావుపాటి తీపిచెరకు న్యూగినీ ద్వీపమున పుట్టినది. అచటి ప్రజలు సాకరం రోబస్టం అనే అడవి చెరకునుండి, తియ్యని గడలనే ఏరి నాటుతూ, వేల ఏండ్లలో దానిని రూపొందించారు. ఉత్తర హిందూస్థానపు సన్నచెరకు కథ వేరు. అది తీపిచెరకుకు, రెల్లుకు దానంతట అది కలిగిన సంకరమని క్రోమోసోముల పరీక్షలో తేలింది. కనుకనే చలికి, నీటి ఎద్దడికి ఓర్చుకొంటుంది. దిగుబడి మాత్రము తక్కువ.

20వ శతాబ్దపు ఆరంభమున మన దేశము జావానుండి పంచదారను విస్తారముగా దిగుమతి చేసుకొనేది. ఇక్కడి చెరకు సాగులో అధికభాగము ఉత్తరాదిదే. లావుచెరకు అచటి చలికి నిలువదు. ఉన్న చెరకును బాగుచేయుటకై 1912లో కోయంబత్తూరులో పరిశోధన కేంద్రము వెలసింది. ఉత్తరాదిన చెరకు పూచుట అరుదు. కోయంబత్తూరులో చక్కగా పూస్తుంది. సి. ఎ. బార్బర్, ఆయన సహాయకుడు టి. ఎస్. వెంకట్రామన్ 'వెల్లై' అనే లావుచెరకును అచటి రెల్లు పుప్పొడితో సంకరము చేశారు. తీపి కోరేవారు గడ్డిని వరునిగా తెచ్చుట సాహసమే కదా! అట్లు పుట్టిన కో. 205 రకము 1918లో పంజాబు రైతులకు చేరి, నాటుచెరకుకన్న సుమారు ఒకటిన్నర రెట్లు పండింది.

ఇక్కడ ఒక వింత ఉన్నది. వెల్లైకి 80 క్రోమోసోములు, కోయంబత్తూరు రెల్లుకు 64. చెరి సగము చొప్పున 40, 32 కలిసి బిడ్డకు 72 రావలెను. కాని కో. 205లో ఉన్నవి 112! తల్లి తన 80 క్రోమోసోములనూ ఇచ్చివేసింది. తండ్రి ఇచ్చినవి 32 మాత్రమే. గడ్డితో కలిసినా తీపి బొత్తిగా పోకపోవుటకు ఇది ఒక కారణము. ఆ బిడ్డను మరల లావుచెరకుతో కలిపితే రెల్లు పాలు ఇంకను తగ్గుతుంది.

జావాలో 1880 దశకమున సెరె తెగులు తోటలను పాడుచేసింది. అచటి డచ్చి శాస్త్రజ్ఞులు కూడ అడవి చెరకు సంకరములనే ఆశ్రయించి, 1921లో పి. ఒ. జె. 2878 అనే రకమును సాధించారు. ఆంధ్రదేశపు రైతులు చాలకాలము పండించిన కో. 419కి తల్లి అదే.

నేటి రకములలో వందకు మించిన క్రోమోసోములు ఉంటవి. వానిలో రెల్లువి నూటికి 10 నుండి 20 మాత్రమే. అయినను కార్శి తోట బలముగా పిలకలు వేయుటకు, తెగుళ్ళకు తట్టుకొనుటకు ఆ కొద్దిపాలే చాలవరకు ఆధారము. చిక్కేమిటంటే, ఇంతవరకు సంకరములకు వాడిన రెల్లు మొక్కలు బహుకొద్ది. ప్రకృతిలోనో, 40 క్రోమోసోములు గల రెల్లు మొదలుకొని 128 గలది వరకు ఉన్నది. దేశము నలుమూలలనుండి సేకరించిన రెల్లు రకములను కోయంబత్తూరులో పెంచుతూ, కొత్త సంకరములకు వాడుతున్నారు.