నాయుడుగారు మనవాడెలా అయ్యారు?

బందరులో మా తాతగారి తరానికి సి.కె. నాయుడు "మనవాడు". పరాసుపేట సందుల్లో టెన్నిస్ బంతితో ఆడుకునేటప్పుడు ఎవడైనా పెంకుటింటి మీదకి కొడితే, "వచ్చాడండీ నాయుడుగారు!" అని అరుగు మీది పెద్దాళ్ళు వెక్కిరించేవాళ్ళు.

పెద్దయ్యాక చదివితే తెలిసింది: ఆయన పుట్టింది నాగపూర్‌లో, 1895లో. స్థిరపడిందీ, 1967లో కన్నుమూసిందీ ఇందోర్‌లో. కొఠారి వారి పూర్వీకులది బందరని చెప్పుకోవటమే మనకి మిగిలిన చుట్టరికం. అంతమాత్రాన మనవాడైపోతాడా?

1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండునుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టాడు. దేశానికి టెస్టు హోదా వచ్చి, 1932లో లార్డ్స్‌లో మొదటి టెస్టుకి కెప్టెనయ్యేసరికి ఆయనకి 36 ఏళ్ళు. మా ఆఫీసులో ఆ వయసుకి నడుం నొప్పి గురించి మాట్లాడుకుంటాం. చేతికి దెబ్బ తగిలినా ఆ మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులతో జట్టులో అందరికన్నా ఎక్కువ చేసింది ఆయనే. 1936లో కెప్టెన్సీ విజయనగరం రాజకుమారుడు విజ్జీకి వెళ్ళింది. ఆట తక్కువా హోదా ఎక్కువా ఉన్నవాడి కింద ఆడి, ఆఖరి టెస్టులో 81 చేసి తప్పుకున్నాడు. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. అంకెలు మాత్రమే చూసేవాళ్ళకి ఇందులో గొప్పేం కనపడదు.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. 1923 నుంచీ ఆయన హోల్కర్ సంస్థానం కొలువులో ఉన్నాడు. పేరుకి సైన్యంలో అధికారి, పని మాత్రం క్రికెట్. జీతం తీసుకుని ఆడితే తక్కువగా చూసే రోజుల్లో అదొక మర్యాదైన ఏర్పాటు. ఆ హోల్కర్ జట్టు 1945-46 నుంచి ఎనిమిది సీజన్లలో నాలుగు రంజీలు గెలిచింది. 1952 ఫైనల్లో ఫడ్కర్ బంతి మూతికి తగిలి పళ్ళు ఊడితే, 56 ఏళ్ళ నాయుడు వాటిని పక్కకి నెట్టి మళ్ళీ గార్డు తీసుకున్నాడట.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ఆడింది. పేరూ పరపతీ లేని ఆ కొత్త జట్టుకి కెప్టెన్ 58 ఏళ్ళ నాయుడు. కీర్తి కోసమే అయితే అక్కడికి రానక్కరలేదు. లార్డ్స్ చూసినవాడు, తన మనవల వయసు కుర్రాళ్ళతో కలిసి ఫీల్డింగుకి దిగాడు. ఆ తర్వాత 61 ఏళ్ళ వయసులో ఉత్తరప్రదేశ్ తరఫునా రంజీ ఆడాడు.

తాతగారికి ఆయన ఇంటిపేరు వల్ల మనవాడు. నాకు మాత్రం, మనకింకా ఏమీ లేని ఆ ఏడాది వచ్చి మనతో నిలబడ్డందుకు.