కౌలు పత్రం: బేరారు నుంచి నాచారం దాకా



మనం నిత్యం వాడుకునే ‘కౌలు’ అచ్చతెలుగు మాట కాదు. అరబ్బీలో ‘ఖౌల్’ అంటే పలుకు, ఇచ్చిన మాట. దర్గాలలో వినవచ్చే ఖవ్వాలీ కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. నవాబుల దఫ్తరాల మీదుగా ఆ మాట మన పొలంగట్లకు చేరింది. ‘బాడుగ’ సంస్కృత ‘భాటక’ శబ్దానికి వికృతి. అద్దె, గుత్త, ఇజారా అని ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇన్ని ఉండగా నేటి పిల్లలు ‘లీజు’ అంటున్నారు. పేరేదయినా సారం ఒక్కటే. వస్తువు ఒకరిది, అనుభవం మరొకరిది, నడుమ ఒక మాట. ఆ మాట ధర్మమైనదా కాదా అని తేల్చడమే కష్టం.

ఈ చర్చకు కారణం మా మేనల్లుడు. నాచారం పారిశ్రామికవాడలో చాలాకాలం పనిచేసి, ఆ పని పోగా, ఉప్పల్ నుంచి టాక్సీ నడుపుకుందామనుకున్నాడు. ఒక సంస్థ వారు ఇచ్చిన కౌలు పత్రం నా చేతిలో పెట్టి, “మామా, రోజుకు ఎనిమిది వందలేగదా, నాలుగేళ్ళకు బండి నాదే” అన్నాడు. షరతులు ఇవి: ముందుగా యాభై వేలు కట్టాలి, అది తిరిగి రాదు. ఆపైన నాలుగేళ్ళపాటు రోజుకు 800 రూపాయలు. బీమా, పన్నులు, మరమ్మతులు సంస్థవి. గడువు తీరాక కారు అతని పేర మారుతుంది.

హైదరాబాదు చరిత్ర కొంత చదివినవారికి ఇటువంటి కాగితం చూస్తే బేరారు గుర్తుకు రాక మానదు. మన రాజ్యపు కౌళ్ళలో అంత పెద్దది, అంత వివాదాస్పదమైనది మరొకటి లేదు.

నిజాము జీతమిచ్చి, ఆంగ్లేయులు ఆజ్ఞలిచ్చిన సైన్యం పేరు ‘హైదరాబాద్ కంటింజెంట్’. దాని ఖర్చు బకాయిపడి అప్పుగా పేరుకుంది. 1853 మే నెలలో జరిగిన సంధితో ఆ ఖర్చు కింద పత్తి పండే బేరారును, దానితోపాటు రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్ ప్రాంతాన్ని కుంఫిణీ తన పాలనలోకి తీసుకుంది. ఆ నెలాఖరునే మొదటి సాలార్‌జంగు దివాను అయ్యాడు. 1857లో హైదరాబాదు ఆంగ్లేయుల పక్షాన నిలిచినందుకు ప్రతిఫలంగా 1860లో మరొక సంధి జరిగింది. సుమారు యాభై లక్షల అప్పు రద్దయింది, రాయచూరు, ధారాశివ్‌లు తిరిగి వచ్చాయి. బేరారు మాత్రం ‘న్యాసం’ పేరిట వారి చేతిలోనే మిగిలింది.

ఆ 1860 సంధిలో ఒక షరతును శ్రద్ధగా గమనించాలి. బేరారు రాబడిలో ఖర్చులు పోను మిగిలినది నిజాముకు ఇస్తారు. ఖర్చు ఎంత అన్నది మాత్రం పూర్తిగా ఆంగ్లేయుల ఇష్టం. జమాఖర్చుల లెక్క అడిగే హక్కును నిజాము వదులుకున్నాడు. లెక్క అడగరాని మిగులుకు అర్థమేముంది? సాలార్‌జంగు బేరారును తిరిగి రాబట్టాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించాడు. 1876లో ఇంగ్లండు వెళ్ళివచ్చాడు. ఫలం దక్కలేదు.

1902లో కర్జను ప్రభువు హైదరాబాదు వచ్చి మహబూబ్ అలీఖానుతో మాట్లాడిన తరువాత, ఆ నవంబరు 5న కొత్త ఒప్పందం కుదిరింది. బేరారు శాశ్వత కౌలుకు పోయింది. అద్దె ఏడాదికి 25 లక్షల రూపాయలు. అంతకుముందు అందిన మిగుళ్ళ సగటుకంటే ఇది మెరుగే అని ఆంగ్లేయుల వాదన. అంకె వరకే చూస్తే దానిని తోసిపుచ్చడం కష్టం. ఒక ఏడు వచ్చి ఒక ఏడు రాని మిగులుకంటే ఏటేటా తప్పక వచ్చే పైకం మేలని ఎవరికైనా తోస్తుంది. అయితే ‘శాశ్వతం’ అన్న ఒక్క విశేషణం తక్కిన వాక్యాన్నంతటినీ మింగివేసింది. అద్దె పెరగదు, గడువు తీరదు, వస్తువు తిరిగి రాదు. మహబూబ్ అలీఖానుకు వచ్చిన జి.సి.బి. బిరుదుకు ‘గేవ్ కర్జన్ బేరార్’ అని జనం విస్తరణ చెప్పుకున్నారు. ఉస్మాన్ అలీఖాను 1923లో బేరారును తిరిగి ఇమ్మని లేఖ వ్రాస్తే, 1926లో రీడింగు ప్రభువు నిరాకరించాడు. 1936 ఒప్పందంలో నిజాము సార్వభౌమత్వాన్ని అంగీకరించి, యువరాజుకు ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ బిరుదునిచ్చారు. పేరు వచ్చింది, ఊరు రాలేదు.

రాజ్యం విషయం అలా ఉంచి వాహనాల సంగతికి వద్దాం. వాయిదాలలో అద్దె కట్టి చివరకు సొంతం చేసుకునే పద్ధతికి ఆంగ్ల న్యాయశాస్త్రంలో ప్రసిద్ధమైన తీర్పు 1895 నాటి హెల్బీ, మాథ్యూస్ వ్యాజ్యం. అది ఒక పియానో గొడవ. 36 నెలల అద్దె కట్టితే పియానో అద్దెదారుది. నడుమ ఎప్పుడైనా తిరిగి ఇచ్చివేసే స్వేచ్ఛ అతనికి ఉంది. అతడు దానిని తాకట్టు పెట్టేశాడు. కొనితీరాలన్న బంధం లేదు కనుక అతడు కొనుగోలుదారు కాడని, పియానో అసలు యజమానిదేనని ప్రభువుల సభ తీర్పు చెప్పింది. ఈ పద్ధతికి తిరిగి ఇచ్చివేసే స్వేచ్ఛే ప్రాణమన్న మాట.

మన దక్షిణదేశంలో లారీలు, బస్సులు ఈ దారిన సామాన్యుల చేతికి వచ్చాయి. మద్రాసులో 1954లో మొదలైన సుందరం ఫైనాన్స్ అందులో పేరెన్నికగన్నది. కౌలుకే ప్రత్యేకించిన ఫస్ట్ లీజింగ్ కంపెనీ 1973లో అక్కడే పుట్టింది. ఇక చట్టం మాటకు వస్తే విచిత్రమైన కథ. 1972లో పార్లమెంటు హైర్ పర్చేజ్ చట్టం చేసింది. నోటీసు ఇచ్చి నడుమ విడిచిపెట్టే హక్కు, ముందుగా కట్టివేస్తే తగ్గింపు, నిర్ణీత భాగం కట్టిన తరువాత న్యాయస్థానానికి వెళ్ళకుండా వస్తువును లాక్కుపోరాదన్న రక్షణ, ఇవన్నీ అందులో ఉన్నాయి. కానీ ఆ చట్టం ఒక్కనాడయినా అమలులోకి రాలేదు. 2005లో రద్దయింది. వాహనాల జప్తుకు బలప్రయోగం చేసేవారిని సుప్రీంకోర్టు 2007లో ఐసీఐసీఐ బ్యాంకు, ప్రకాశ్ కౌర్ వ్యాజ్యంలో తీవ్రంగా మందలించింది.

ఇప్పుడు మేనల్లుడి పత్రం. ఇటువంటిచోట ముందు అంకె, తరువాత షరతు చూడాలి.

రోజుకు 800 చొప్పున నాలుగేళ్ళకు 11,68,000. ముందు కట్టిన యాభై వేలతో 12,18,000. అదే కారు ఏడు లక్షలకు సొంతంగా కొంటే? లక్షా నలభై వేలు చేతినుంచి, తక్కిన 5,60,000 తగ్గే బాకీ మీద ఏటా 12 శాతం వడ్డీకి తెస్తే, నెలకు సుమారు 14,750 చొప్పున నాలుగేళ్ళకు ఏడు లక్షల ఎనిమిది వేలు. బీమా, పన్నులు, మరమ్మతులకు ఏటా డెబ్బై వేలు వేసుకున్నాను. మొత్తం 11,28,000. తేడా తొంభై వేలు. లక్షా నలభై వేలు చేతిలో లేనివాడు ఆ లేమికి చెల్లించే మూల్యం అది. ఎక్కువే, కాని దోపిడి అనలేము.

ఇక్కడ ఒక హెచ్చరిక. వడ్డీ ‘ఫ్లాట్’ అని చెబితే మోసపోరాదు. ఆరు లక్షలకు ‘పది శాతం’ ఫ్లాట్ అంటే నాలుగేళ్ళ వడ్డీ 2,40,000, నెలకు 17,500. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి అసలు మీదనే లెక్కిస్తారు. తగ్గే బాకీ మీద చూస్తే ఆ పది శాతం నిజానికి పదిహేడున్నర దాటుతుంది.

అంకె అలా తేలింది. షరతులు చూస్తే నా మనసు కలుక్కుమంది. బండి షెడ్డులో ఉన్న రోజుకు కూడా అద్దె కట్టాలి. నడుమ మానుకుంటే అంతవరకు కట్టినదానిలో పైసా రాదు. మూడున్నరేళ్ళు కట్టి జబ్బుపడినవాడూ, మూడు నెలలు నడిపి విసిగినవాడూ ఆ పత్రం దృష్టిలో సమానులే. పైపెచ్చు 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కౌలు మీద వాహనాన్ని స్వాధీనంలో ఉంచుకున్నవాడు ‘యజమాని’ నిర్వచనం కిందికి వస్తాడు. ప్రమాదం జరిగి, సంస్థ బీమా సకాలంలో కట్టక ఉంటే, పరిహారం మాట ముందుగా ఎవరిని అడుగుతారో ఊహించుకోండి. నష్టం దగ్గర యజమాని, హక్కు దగ్గర కౌలుదారు!

గిరాకీ సంగతీ లెక్కలోకి తీసుకోవాలి. 2017 నవంబరులో మెట్రో వచ్చాక నాగోలు, ఉప్పల్ నుంచి అమీర్‌పేట దాకా ప్రయాణం మారిపోయింది. ఉప్పల్–నారపల్లి ఎత్తు వంతెన పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగి ఆ దారిని ఇరుకు చేశాయి. గిరాకీ మారుతుంది, దారి మారుతుంది, రోజుకు 800 మాత్రం మారదు. 1902లో స్థిరమైన అంకె అద్దె పుచ్చుకునేవాడిని కట్టివేసింది. ఇక్కడ అద్దె కట్టేవాడిని కట్టివేస్తుంది.

కనుక నా తీర్పు ఇది: వెల ధర్మమే, వీడుకోలు అధర్మం. మూడు సవరణలు అడగమని వ్రాసి ఇచ్చాను. బండి సంస్థ షెడ్డులో ఉన్న రోజులకు అద్దె ఉండరాదు. రెండేళ్ళు దాటాక మానుకుంటే కొంత పైకం తిరిగి రావాలి. బీమా కాగితం నకలు ఏటా చేతికి ఇవ్వాలి. మొదటిదానికి, మూడవదానికి వారు ఒప్పుకున్నారు. రెండవదానికి ససేమిరా అన్నారు. అతడు సంతకం చేయలేదు. ప్రస్తుతం మరొకరి బండిని దినబాడుగకు నడుపుతూ ఆ లక్షా నలభై వేలు కూడబెడుతున్నాడు. దానికి ఎంతకాలం పడుతుందో, ఆ కాలపు నష్టం తొంభై వేలను మించుతుందేమో కూడా ఆలోచించవలసినదే. ఆ మాట అతనికి దాచకుండా చెప్పాను. నిర్ణయం అతనిది.

మీ ఇళ్ళలో పిల్లలు ఇటువంటి కాగితం తెస్తే నెలకు ఎంత అన్నదానితో ఆగకండి. లెక్క అడిగే హక్కు ఉందా, గడువు ఎప్పుడు తీరుతుంది, నడుమ విడిచిపోతే ఏమి దక్కుతుంది అని అడగండి. మీ పెట్టెలలో తాతలనాటి కౌలునామాలు ఉంటే వాటిలో ఈ మూడింటికీ ఏమి వ్రాశారో తెలుపగలరు. ముఖ్యంగా విడిచిపోయే రైతుకు, పొలంలో నిలిచి ఉన్న పైరు మీద హక్కు ఎవరిదని వ్రాసుకునేవారో తెలుసుకోవాలని ఉంది.